తైవాన్ కొండల్లో పక్షుల కోసం పన్నెండు రోజులు: ప్లాన్ చూసి సలహా చెప్పండి

శ్రావణి_హనుమకొండ
9 నవంబర్, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ మీ పోస్టులు చదువుతున్నాను. నేనే థ్రెడ్ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ అడవులు తిరిగాను. మూడేళ్ళ కిందట అరుణాచల్‌లో ఈగల్‌నెస్ట్ వెళ్ళొచ్చాక కొండ పక్షుల మీద మనసు పడిపోయింది. అక్కడ బుగున్ లియోసిక్లా అనే అరుదైన చిన్న పక్షి కోసం నాలుగు రోజులు తిరిగి ఒక్కసారి గొంతు మాత్రం విన్నాను. దానికి దగ్గరి బంధువు స్టీర్స్ లియోసిక్లా తైవాన్‌లో రోడ్డు పక్కనే తిరుగుతుందని తెలిసినప్పటి నుంచి ఆ దీవి తలలోంచి పోవడం లేదు.

ఏప్రిల్ 23తో బడి అయిపోతుంది. 25న బయల్దేరి మే 6కి తిరిగి రావాలి. అమ్మ కూడా వస్తోంది. వయసు 61, బాగా నడుస్తుంది, బీపీకి మాత్ర వేసుకుంటుంది, పూర్తి శాకాహారి.

నేను వేసుకున్న ప్లాన్: తైపే రెండు రోజులు, తారోకో లోయ ఒక రోజు, లాన్‌యూ దీవి రెండు రోజులు, కెంటింగ్ ఒకటి, తైనాన్‌లో తెడ్డుమూతి కొంగలకి ఒకటి, అలీషాన్ ఒకటి, సన్‌మూన్ సరస్సు ఒకటి, హెహువాన్‌షాన్ ఒకటి, దాష్యూషాన్ ఒకటి, మళ్ళీ తైపే. చూడాలనుకున్నవి: మికాడో ఫెజెంట్, స్విన్హో ఫెజెంట్ (రెండూ అడవికోళ్ళ బంధువులు), నీలి మాగ్‌పై, నల్లమొహం తెడ్డుమూతి కొంగ, ఫెయిరీ పిట్టా.

ఎక్కడ తప్పు చేస్తున్నానో మొహమాటం లేకుండా చెప్పండి.

షిన్‌చు_కిరణ్
9 నవంబర్, రాత్రి 11:15

శ్రావణి గారూ, నేను షిన్‌చులో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇక్కడికొచ్చి అయిదో ఏడు. శని, ఆదివారాలు కొండల్లోనే ఉంటాను. మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను. ఈ ప్లాన్‌తో మీరు పన్నెండు రోజులూ బస్సుల్లో, రైళ్ళలో గడుపుతారు, తెల్లవారుజామున అడవిలో ఉండేది మూడు రోజులే.

మ్యాప్‌లో తైవాన్ చిన్నగానే కనిపిస్తుంది. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకి 400 కిలోమీటర్లు కూడా లేదు. పడమటి తీరం వెంట హైస్పీడ్ రైలెక్కితే రెండు గంటల్లో ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళిపోవచ్చు. అందుకే అందరూ దీవి చుట్టి వద్దాం అనుకుంటారు. కానీ మధ్యలో వెన్నెముకలా కొండలున్నాయి. 3,000 మీటర్లు దాటిన శిఖరాలే రెండు వందలకు పైన. అన్నిటికన్నా ఎత్తయిన యూషాన్ 3,952 మీటర్లు. మన ఆంధ్రలో అన్నిటికన్నా ఎత్తయిన జిందగడ 1,700 మీటర్లలోపే కదా, దాంతో పోల్చుకోండి.

ఇక్కడ పక్షులు దూరాన్ని బట్టి కాదు, ఎత్తును బట్టి మారతాయి. కింద పార్కుల్లో తైవాన్ బార్బెట్, నీలి మాగ్‌పై. వెయ్యి మీటర్లు దాటాక స్విన్హో, మీ లియోసిక్లా, తెల్లచెవుల సిబియా. రెండు వేలు దాటితే మికాడో, కాలర్డ్ బుష్ రాబిన్, ఫ్లేమ్‌క్రెస్ట్. మూడు వేల మీద ఆల్పైన్ ఆక్సెంటర్, తైవాన్ రోజ్‌ఫించ్. అంటే ఒకే రోడ్డు మీద పైకీ కిందకీ నాలుగు రోజులు తిరిగితే, దీవి చుట్టిన మనిషి కన్నా మీరే ఎక్కువ చూస్తారు. ప్రపంచంలో ఇంకెక్కడా లేని జాతులు ఇక్కడ 30కి పైగా ఉన్నాయి. వాటిలో చాలా వాటికి రెండు మంచి రోడ్లు చాలు: దాష్యూషాన్ అటవీ రోడ్డు, హెహువాన్‌షాన్ రోడ్డు.

తారోకో తీసేయండి. 2024 ఏప్రిల్ 3 భూకంపంలో లోయ బాగా దెబ్బతింది, చాలా దారులు మూసే ఉన్నాయి. లాన్‌యూ కూడా తీసేయండి. పడవ అయినా, పందొమ్మిది సీట్ల చిన్న విమానమైనా గాలి ఎక్కువైతే రద్దవుతుంది. రెండు రోజులు అనుకుని నాలుగు రోజులు ఇరుక్కున్నవాళ్ళు నాకు తెలుసు. కెంటింగ్ సెప్టెంబర్, అక్టోబర్‌లలో డేగలు గుంపులుగా దాటేటప్పుడు రావలసిన చోటు.

కొల్లేరు_రాజు
10 నవంబర్, ఉదయం 5:50

అమ్మా శ్రావణీ, కిరణ్ బాబు కొండల సంగతి చెప్పాడు. నేను నీళ్ళ సంగతి చెబుతాను. తైవాన్ నేను చూడలేదు. కానీ నల్లమొహం తెడ్డుమూతి కొంగ గురించి ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్నాను.

నువ్వు వెళ్ళే సమయానికి అవి ఉండవు. అక్టోబర్‌లో కొరియా వైపు నుంచి దిగి, మార్చికల్లా చాలావరకు వెళ్ళిపోతాయి. ఏప్రిల్ చివర్లో ఒకటీ అరా మిగిలితే అదృష్టం. 1990 ప్రాంతంలో ప్రపంచం మొత్తం మీద లెక్కకు తేలినవి మూడు వందల లోపే. 2002–03 చలికాలంలో తైనాన్ దగ్గర బొట్యులిజం అనే విషవ్యాధి సోకి 73 పక్షులు చనిపోయాయి. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అలాంటిది 2024 జనవరి లెక్కల్లో దాదాపు ఏడు వేలు. అందులో సగానికి పైగా తైవాన్‌లోనే. ఉప్పుమళ్ళు, చేపల చెరువులు, అలల పాయలు, అంతా మన కొల్లేటి వాళ్ళకి తెలిసిన లోకమే. చెరువులు పట్టేశాక నీళ్ళు తీసి, మిగిలిన చిన్న చేపల్ని కొంగలకి వదిలే రైతులు అక్కడ ఉన్నారని చదివాను. మా ఊళ్ళో చెరువు మీద వాలితే టపాసులు కాలుస్తారు.

వీలైతే జనవరికి మార్చుకో. చలికాలంలో కొండ పక్షులు కూడా కిందకి దిగుతాయి.

శ్రావణి_హనుమకొండ
10 నవంబర్, రాత్రి 8:20

కిరణ్ గారూ, చాలా థ్యాంక్స్. కాగితం మీద కొట్టేస్తుంటే బాధగానే ఉంది కానీ మీరు చెప్పింది నిజం.

రాజు గారూ, జనవరిలో నాకు సంక్రాంతికి అయిదారు రోజులే సెలవు. పదో తరగతి పిల్లలు కూడా ఉన్నారు. అయినా మీ పోస్టు చదివాక ఊగిసలాడుతున్నాను. జనవరి అయితే కొంగలు, ఏప్రిల్ చివర అయితే పిట్టా. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవన్నమాట.

విశాఖ_లలిత
10 నవంబర్, రాత్రి 10:05

శ్రావణీ, నేను 2019 ఏప్రిల్‌లో వెళ్ళాను. నా ఓటు పిట్టాకే. ఎందుకో చెబుతాను.

ప్రపంచంలో ఏ దేశపు పక్షుల పుస్తకం తీసినా ఆ కుటుంబం పేరు ‘పిట్టా’ అనే ఉంటుంది. బోర్నియోలో, ఆస్ట్రేలియాలో, ఆఫ్రికాలో కూడా. ఆ మాట మన తెలుగు ‘పిట్ట’. మన పొన్నంకి పిట్ట నుంచి తీసుకుని శాస్త్రజ్ఞులు మొత్తం కుటుంబానికే ఆ పేరు పెట్టారు. అంత దూరం వెళ్ళి, చైనీస్ మాట్లాడే ఊళ్ళో నిలబడి, పక్కన అమెరికా ఆయన ‘పిట్టా, పిట్టా’ అని గుసగుసలాడుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. తైవాన్‌లో దాన్ని ‘ఎనిమిది రంగుల పక్షి’ అంటారు. మన పొన్నంకిని హిందీవాళ్ళు నవరంగ్ అంటారు కదా. అలాగే అక్కడ బార్బెట్ ‘అయిదు రంగుల పక్షి’. బడిపిల్లలకి చెబితే మర్చిపోరు.

ఫెయిరీ పిట్టా బోర్నియోలో చలికాలం గడిపి ఏప్రిల్ మధ్య నుంచి తైవాన్‌కి వస్తుంది. యున్‌లిన్ జిల్లాలో హూబెన్ అనే ఊరు దానికి పేరుపొందింది. పక్కనే హూషాన్ జలాశయం కట్టేటప్పుడు ఆ పక్షి అడవి పోతుందని ఊరివాళ్ళు, పక్షి ప్రేమికులు ఏళ్ళ తరబడి పోరాడారు. జలాశయం 2016లో పూర్తయింది. మిగిలిన వెదురు పొదల్లో పిట్టా ఇంకా వస్తూనే ఉంది.

ఇక భోజనం. అమ్మగారి గురించి అసలు టెన్షన్ వద్దు, ఆ దేశం శాకాహారులకి స్వర్గం. అక్కడి బౌద్ధ శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. కార్తీకమాసం భోజనం ఏడాది పొడుగునా దొరుకుతుందన్నమాట. మన స్వస్తిక గుర్తు అద్దంలో తిరగబడినట్టు ఉండే గుర్తు బోర్డు మీద కనిపిస్తే అది శాకాహార హోటలే. బరువు లెక్కన అమ్మే బఫేలు ఉంటాయి, ప్లేటులో కావలసినవి పెట్టుకుని తూకం వేయించుకోవడమే. ‘వో చి సూ’ అంటే ‘నేను శాకాహారం తింటాను’. ప్యాకెట్ల మీద కూడా పూర్తి శాకాహారం, పాలతో, గుడ్డుతో అని విడివిడిగా రాస్తారు. మామూలు హోటళ్ళలో మాత్రం జాగ్రత్త, కూరగాయల సూప్‌లో కూడా చేపల రసం ఉంటుంది. పులిహోర మిక్స్, అటుకులు, కారప్పొడి తీసుకెళ్ళండి. మాంసంతో చేసినవి, పళ్ళు మాత్రం అస్సలు వద్దు, విమానాశ్రయంలో భారీగా జరిమానా వేస్తారు.

లెన్స్_శేఖర్
11 నవంబర్, మధ్యాహ్నం 1:30

హూబెన్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. పిట్టా నేల మీద ఆకుల్లో తిరుగుతుంది, ఊరికే నిలబడితే కనపడదు. ఫోన్లో దాని కూత పెట్టుకుని చిన్న స్పీకర్ తీసుకెళ్ళండి. రెండు నిమిషాలు వినిపిస్తే ఎదురుగా వచ్చి కొమ్మ మీద నిలబడుతుంది. అంత డబ్బు పెట్టుకుని వెళ్ళి ఫోటో లేకుండా రావడం ఎందుకు?

కొల్లేరు_రాజు
11 నవంబర్, సాయంత్రం 6:10

శేఖర్ బాబూ, ఈ విషయంలో నేను ఊరుకోలేను.

ఏటా అక్టోబర్‌లో పొన్నంకి పిట్టలు ఉత్తరం నుంచి రాత్రిపూట ఎగురుతూ మా మీదుగా దక్షిణానికి పోతాయి. అలసిపోయినవి దీపాల వెలుగు చూసి ఇళ్ళ మీద పడతాయి. నాలుగేళ్ళ కిందట ఒకటి మా వరండాలో పడింది. గోడకి కొట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. బుట్ట బోర్లించి, మీద తడిగుడ్డ కప్పి, పక్కన నీళ్ళు పెట్టి దీపాలన్నీ ఆర్పేశాం. చేతిలోకి తీసుకున్నప్పుడు ఎముకలే తగిలాయి. రొమ్ము కండ అంతా ప్రయాణానికే కరిగిపోయింది. మర్నాడు సంధ్యవేళ లేచి వెళ్ళిపోయింది.

సముద్రం దాటి వచ్చిన ఫెయిరీ పిట్టా కూడా అలాంటి స్థితిలోనే దిగుతుంది. దిగగానే జాగా చూసుకోవాలి, జత కట్టాలి, గూడు పెట్టాలి. నువ్వు స్పీకర్‌లో కూత పెడితే ఇంకో మగపక్షి తన జాగాలోకి వచ్చిందనుకుని పని మానేసి పరుగెత్తుకొస్తుంది. నువ్వొక్కడివే అయితే రెండు నిమిషాలు. రోజుకి ఇరవై మంది అదే చేస్తే?

లెన్స్_శేఖర్
11 నవంబర్, రాత్రి 9:00

రాజు గారూ, మీరు చెప్పిన కోణంలో నేను ఆలోచించలేదు. నల్లమల, తలకోనల్లో అందరూ పెడుతుంటే నేనూ పెట్టాను. గూళ్ళు పెట్టే కాలంలో ఇకనుంచి పెట్టను. శ్రావణి గారూ, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు ఇది వినండి: ఉదయం అయిదింటికల్లా చోటు చేరి, కింద కూర్చుని, గంటసేపు కదలకుండా ఉండండి. లెన్స్ చిన్నదైనా పరవాలేదు.

షిన్‌చు_కిరణ్
12 నవంబర్, రాత్రి 10:40

మంచి చర్చ జరిగింది. ఇక రెండు ఫెజెంట్ల సంగతి.

దాష్యూషాన్ రోడ్డు తైచుంగ్ జిల్లాలో దోంగ్‌షి ఊరు దగ్గర మొదలై యాభై కిలోమీటర్లు పైకి పోతుంది. ప్రతి చోటుకీ కిలోమీటరు రాయే గుర్తు. పక్షులు చూసేవాళ్ళు ఎవరైనా ‘23 రాయి’, ‘47 రాయి’ అనే మాట్లాడతారు. 23వ రాయి దాటాక ఒక వంపులో తెల్లవారుజామున స్విన్హో రోడ్డు అంచుకి వస్తుంది. నీలి ఒళ్ళు, తెల్ల జుట్టు, తెల్ల తోక, ఎర్ర మొహం, ఎర్ర కాళ్ళు. 35వ రాయి దగ్గర గేటు, టికెట్. 43వ రాయి దగ్గర అటవీ శాఖ వసతి గదులు. మీరు గేటు లోపలే రెండు రాత్రులు ఉండాలి, లేకపోతే తెల్లారేసరికి 47 దగ్గరికి చేరలేరు. మికాడో తిరిగేది అక్కడే. పొగమంచు దిగినప్పుడే బయటికొస్తుందని ఇక్కడివాళ్ళు దాన్ని ‘మంచులో రాజు’ అంటారు. ఎండ కాస్తే నిరాశపడండి, మబ్బు దిగితే సంతోషించండి.

భాష రాదని భయం వద్దు. తైవాన్ వెయ్యి డాలర్ల నోటు వెనక మికాడో బొమ్మే ఉంటుంది. నోటు తీసి డ్రైవర్‌కి ఆ బొమ్మ చూపిస్తే అతనికి మొత్తం అర్థమవుతుంది.

ఈ రెండు పక్షుల వెనకా మంచి కథలున్నాయి. రాబర్ట్ స్విన్హో పుట్టింది 1836లో కలకత్తాలో. బ్రిటిష్ కాన్సల్‌గా ఫార్మోసా (తైవాన్ పాత పేరు) వచ్చి, దీవి పక్షుల్ని బయటి లోకానికి పరిచయం చేసి, 41 ఏళ్ళకే పోయాడు. మికాడో అయితే 1906 దాకా శాస్త్రానికి తెలియదు. వాల్టర్ గుడ్‌ఫెలో అనే ఆయన ఒక ఆదివాసీ తల మీది అలంకారంలో రెండు తోక ఈకలు చూశాడు. ఆ రెండు ఈకలతోనే లండన్‌లో కొత్త జాతి అని పేరు పెట్టారు. అప్పుడు దీవి జపాన్ పాలనలో ఉంది, అందుకే జపాన్ చక్రవర్తి బిరుదు దానికొచ్చింది. ఆ ఈకలు తలలో పెట్టుకున్న మనిషికి ఆ పక్షి ఎప్పటినుంచో తెలుసు. అతని పేరు మాత్రం ఎక్కడా చదవలేదు. దాని గురించి నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

గదులు ముందే బుక్ చేయండి. మే 1 ఇక్కడ కూడా సెలవు. ఆ రోజు కొండ రోడ్లన్నీ కార్లతో నిండిపోతాయి. ఆ రోజుకి మీరు కింద హూబెన్‌లో ఉండేలా చూసుకోండి.

మాధవి_ప్లానో
13 నవంబర్, ఉదయం 8:15

లాన్‌యూ తీసేయమన్నారు కానీ నేను ఒప్పుకోను! అక్కడి ఆదివాసులైన తావో ప్రజల పడవలు, రాత్రి అడవిలో స్కాప్స్ గుడ్లగూబల కూతలు, పొడుగు నల్ల తోక పారడైజ్ ఫ్లైక్యాచర్, బంగారు రెక్కల మెజెల్లాన్ బర్డ్‌వింగ్ సీతాకోకచిలుక... అక్కడ గడిపిన మూడు రోజులు నాకు మొత్తం ప్రయాణంలో గుర్తుండిపోయాయి. పన్నెండు రోజుల్లో కుదరదంటే సరే, కానీ ఎప్పటికీ వద్దు అనుకోవద్దు.

సీతాకోకచిలుకల మీద ఆసక్తి ఉంటే ఇంకో మాట. మావోలిన్ లోయలో లక్షల ఊదారంగు సీతాకోకచిలుకలు చలికాలం గడుపుతాయి, వసంతంలో ఉత్తరానికి పోతాయి. అవి హైవే దాటేటప్పుడు లిన్‌నెయ్ దగ్గర ఒక లేన్ మూసేస్తారు. 2007 నుంచి చేస్తున్నారు. మీరు వెళ్ళేసరికి ఆ జోరు తగ్గిపోతుంది. మిణుగురులు మాత్రం మీ సమయంలోనే ఉంటాయి. దాష్యూషాన్ కింది భాగంలో చీకటి పడ్డాక టార్చి ఆపి చూడండి.

శ్రావణి_హనుమకొండ
22 ఫిబ్రవరి, రాత్రి 9:30

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నందుకు క్షమించండి. ఖరారైన ప్లాన్ ఇది. 25న హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా తైపే. 26 తైపేలోనే. 27, 28, 29 రాత్రులు దాష్యూషాన్, ఒకటి కింద, రెండు 43వ రాయి దగ్గర. 30, మే 1 దౌలియు ఊళ్ళో ఉండి హూబెన్. 2, 3 చింగ్‌చింగ్‌లో ఉండి హెహువాన్‌షాన్. 4 తైనాన్‌లో గ్వాన్‌తియెన్ దగ్గర, నీటి ఆకుల మీద నడిచే జకానా పక్షులు. 5 మళ్ళీ తైపే. అలీషాన్ కూడా తీసేశాను. అక్కడి కొండ రైలు కోసం అమ్మ కొంచెం అలిగింది.

వీసా విషయం ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. అమ్మకి అమెరికా వీసా ఉంది, తమ్ముడి దగ్గరికి వెళ్ళొచ్చింది. కాబట్టి ఆన్‌లైన్లో అనుమతి పత్రం ఉచితంగా వచ్చేసింది. నాకు అలాంటి వీసా ఏదీ లేదు, చెన్నైలో తైపే ఆర్థిక, సాంస్కృతిక కేంద్రానికి కాగితాలు పెట్టాను. బయల్దేరే ముందు నిబంధనలు వాళ్ళ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

రాజు గారూ, కొంగల్ని వదులుకున్నాను. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

విశాఖ_లలిత
23 ఫిబ్రవరి, ఉదయం 7:00

ప్లాన్ చాలా బాగుంది. ఒక్క జాగ్రత్త. హెహువాన్ రోడ్డు మీద వూలింగ్ కనుమ 3,275 మీటర్లు, తైవాన్ రోడ్లన్నిటిలో అదే ఎత్తు. మైదానం నుంచి మూడు గంటల్లో అంత పైకి వెళ్తే తల తిరుగుతుంది, వాంతులు కూడా అవుతాయి. చింగ్‌చింగ్‌లో ఒక రాత్రి పడుకున్నాకే పైకి వెళ్ళండి. అమ్మగారి డాక్టర్‌ని ముందే అడగండి. కింద ముప్ఫై డిగ్రీలు ఉన్నా పైన తెల్లారుజామున స్వెట్టర్, మంకీ క్యాప్ రెండూ కావాలి. మే వచ్చిందంటే ‘ప్లమ్ పళ్ళ వాన’ అని ముసురు మొదలవుతుంది, కాబట్టి మంచి రెయిన్‌కోటు పెట్టుకోండి. కొండ మీద గాలికి గొడుగు నిలవదు.

శ్రావణి_హనుమకొండ
11 మే, రాత్రి 10:10

వచ్చేశాం. ఇంకా అక్కడే ఉన్నట్టుంది. వరసగా కాకుండా గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

మొదటి రోజు తైపే బొటానికల్ గార్డెన్. మలయన్ నైట్ హెరాన్ మన పడమటి కనుమల్లో ఎంత తిరిగినా దొరకదు. ఇక్కడ గడ్డిలో కోడిలా నడుస్తూ వానపాముల్ని లాగుతోంది. పక్కనే ముసలాయన వ్యాయామం చేసుకుంటున్నాడు, దాన్ని చూడను కూడా చూడడం లేదు. మెడ సాగదీసి, నేలకేసి తల వంచి, ఊగుతూ నిలబడి, ఒక్క పోటు. నేను అరగంట కదల్లేదు. పైన చెట్టు మీద బార్బెట్ ‘టొక్ టొక్ టొక్’ అంటుంటే అమ్మ ‘మన కంసాలి పిట్టే’ అంది. కాదు కానీ బంధువే.

దాష్యూషాన్‌లో 23 దగ్గర స్విన్హోని ముందు చూసింది అమ్మే. ఉదయం 5:40. నేను రోడ్డుకి కుడివైపు చూస్తున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని లాగింది, మాట రాలేదు. మగది ఆకుల్లోంచి దిగి, రోడ్డు అంచున నిలబడి, ఒక్కో అడుగూ ఆలోచించి వేసినట్టు నడిచి అవతలికి వెళ్ళింది. తెల్ల తోక చీకట్లో మెరిసింది. అమ్మ తర్వాత అంది, ‘పట్టుచీర కట్టుకుని గుడికి పోతున్నట్టుంది’ అని.

మికాడో మాత్రం మొదటి ఉదయం రాలేదు. ఆకాశం నీలంగా ఉంది, ఎండ. కిరణ్ గారి మాట గుర్తొచ్చింది. రెండో ఉదయం మబ్బు రోడ్డు మీదికి దిగింది, పది అడుగుల అవతల ఏమీ కనపడడం లేదు. డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. అరగంట. మంచులో నల్లగా ఏదో కదిలింది. దగ్గరయ్యేకొద్దీ నలుపు నీలమైంది, తోక మీద తెల్ల గీతలు ఒక్కొక్కటే తేలాయి. కారు పక్కనుంచే నడిచింది. వెనక ఆడది, గోధుమరంగు. డ్రైవర్ జేబులోంచి వెయ్యి నోటు తీసి కిటికీకి ఆనించి చూపించాడు. మేం ముగ్గురం గట్టిగా నవ్వలేక నోళ్ళు మూసుకున్నాం.

స్టీర్స్ లియోసిక్లా గురించి ఏం చెప్పను? ఈగల్‌నెస్ట్‌లో నాలుగు రోజులు ఎదురుచూసిన దాని అక్క ఇక్కడ వసతి గదుల మెట్ల మీద తిరుగుతోంది. మొహం మీద ఆ నారింజరంగు చుక్క చూసి, బుగున్‌కి మిగిలింది ఎంత తక్కువ అడవో అని గుండె బరువెక్కింది.

ఒక ఇబ్బంది జరిగింది. చింగ్‌చింగ్ వైపు మేం బుక్ చేసుకున్న వసతివాళ్ళు వెళ్ళిన రోజు సాయంత్రం గది లేదన్నారు. డబ్బు వెనక్కి ఇచ్చారు కానీ చీకటి పడింది. డ్రైవర్ ఫోన్లు చేసి పక్క ఊళ్ళో ఇంకో ఇంట్లో గది ఇప్పించాడు. బుకింగ్‌ని ముందు రోజు ఒకసారి ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

వూలింగ్ దగ్గర నాకే తలనొప్పి వచ్చింది, అమ్మకి ఏమీ కాలేదు. తెల్ల మీసాల లాఫింగ్‌త్రష్‌లు కాళ్ళ దగ్గరే తిరుగుతున్నాయి. వాటికి బిస్కెట్లు వేసే జనాన్ని చూస్తే మాత్రం బాధేసింది. ఫ్లేమ్‌క్రెస్ట్ బొటనవేలంత ఉంది. తల మీద మంట వెలిగించినట్టు ఒక గీత.

ఇక హూబెన్. మొదటి ఉదయం కూత మాత్రమే. రెండేసి స్వరాలుగా, ‘క్వాహీ, క్వాహీ’. వెదురు పొదల్లోంచి అన్ని వైపులా వస్తున్నట్టుంది. రెండో ఉదయం, మే 2న, బయల్దేరే రోజు. శేఖర్ గారు చెప్పినట్టు కింద కూర్చున్నాం. దోమలు కుడుతున్నాయి. దాదాపు యాభై నిమిషాలకి ఆకులు కదిలాయి. వానపాముతో నేల మీద నిలబడి ఉంది. ఆకుపచ్చ వీపు, భుజం మీద మెరిసే నీలం, పొట్ట కింద ఎరుపు. నాలుగు సెకన్లేమో. ఫోటో లేదు. అమ్మ చాలా మెల్లగా ‘పిట్ట’ అంది. వెనక కూర్చున్న జపాన్ దంపతులు అది విని, అదే పేరు కాబట్టి, తల ఊపి నవ్వారు. అమ్మకి దాని శాస్త్రీయ నామం తెలియదు. తనకి అది ఉట్టి పిట్టే.

తైనాన్ స్టేషన్ బయట గోరింకలు గుంపులుగా ఉన్నాయి. మన ఇంటి పక్షి అని సంతోషించేలోపే గైడ్ చెప్పాడు, పంజరాల నుంచి వదిలేస్తే పెరిగిపోయి అక్కడి సొంత మైనాని తోసేస్తున్నాయని. అది విన్నాక వాటిని అలా చూడలేకపోయాను.

కొల్లేరు_రాజు
12 మే, ఉదయం 5:40

అమ్మా, రెండుసార్లు చదివాను. జకానాల గురించి రాయలేదు?

శ్రావణి_హనుమకొండ
12 మే, సాయంత్రం 7:25

మీకోసం విడిగా రాద్దామని ఉంచాను సార్. గ్వాన్‌తియెన్ అంతా సింగాడా (నీళ్ళలో పెరిగే కాయ) చెరువులు. రైతులు నడుముల్లోతు నీళ్ళలో ఉంటే, పక్కనే ఆకుల మీద జకానాలు నడుస్తున్నాయి. అప్పుడే మెడ వెనక బంగారు రంగు, పొడుగు తోక వచ్చేశాయి. హైస్పీడ్ రైలు వాటి చోటు మీదుగా వేయాల్సి వచ్చి, బదులుగా ఈ చెరువులు ఇచ్చారట. ఒకప్పుడు దీవి మొత్తం మీద యాభై లోపుకి పడిపోయిన పక్షి. రసాయనం పట్టించిన వరి విత్తనాలు తిని చాలా చనిపోయాక, విషం లేకుండా పండించే రైతులకి 2010 నుంచి ఒక ముద్ర ఇస్తున్నారు. ఆ ముద్ర ఉన్న సింగాడాలు కొన్నాం. ఉడకబెట్టినవి, చెస్ట్‌నట్‌లా ఉన్నాయి. మగది గుడ్ల మీద కూర్చుంటే ఆడది ఇంకో చెరువుకి వెళ్ళిపోవడం పిల్లలకి చెప్పాలి.

ఒక తెడ్డుమూతి కొంగ కూడా కనిపించింది. ఒక్కటే, చిన్నది, రెక్క కొసలు ఇంకా నల్లగా ఉన్నాయి. మిగతావన్నీ వెళ్ళిపోయాయి, ఇది ఎందుకో ఆగింది. చెరువు మూల నీళ్ళలో మూతి అటూ ఇటూ తిప్పుతూ ఉంది. మిమ్మల్ని తలుచుకున్నాను.

షిన్‌చు_కిరణ్
12 మే, రాత్రి 11:00

రెండో ఏడు దాటని పిల్లలు కొన్నిసార్లు ఉండిపోతాయి. రాజు గారూ, వచ్చే జనవరిలో వస్తే తైనాన్‌లో ఆ కొంగలు దిగే చిగూ దాకా నేను తోడొస్తాను. టెలిస్కోప్ నా దగ్గరుంది, మీరు బరువు మోయక్కర్లేదు.

కొల్లేరు_రాజు
14 మే, ఉదయం 6:05

కిరణ్ బాబూ, నిన్న భీమవరం వెళ్ళి పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చాను. మా ఆవిడ కూడా వస్తానంటోంది, ఆమెకి కొత్తది తీయాలి. జనవరి రెండో వారం నీకు వీలవుతుందా?